నూకరత్నం గారి గచ్చు

అరవయ్యో పుట్టినరోజు నాడు దూసి వల్లభరావు, విజయనగరంలో ఒక గ్రంథాలయం మేడ మీది హాల్లో కూర్చుని, తన గురించి రెండున్నర గంటలు విన్నాడు. విని విని అలిసిపోయాడు.

పని చేసి అలిసిపోవడం ఆయనకి కొత్త కాదు. నాటకాల రోజుల్లో ఒంటి మీద రంగు కడుక్కోకుండానే లారీ ఎక్కి మరో ఊరు పోయేవాడు. సినిమాల్లోకి వచ్చాక ఒక సెట్లో తండ్రిగా చచ్చిపోయి, ఇంకో సెట్లో పోలీసుగా బతికేవాడు. ఆ అలసట పడుకుంటే తీరేది. ఈ మధ్య పట్టుకున్నది అలాంటిది కాదు. పడుకున్నా ఉండేది, లేచినా ఉండేది. దానికో పేరు పెట్టుకుందామంటే ఆయనకి మాట దొరకలేదు.

అభిమానుల సంఘం వాళ్ళు మాత్రం చాలా శ్రద్ధగా చేశారు. వేదిక వెనక గుడ్డ మీద 'రంగస్థలం నుంచి వెండితెర దాకా' అని పెద్ద అక్షరాలతో రాయించారు. మెడలో బంతిపూల దండ. అది తీసేస్తే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారని అలాగే ఉంచుకున్నాడు. దండ తడికి చొక్కా కాలరు నానిపోయింది.

సంఘం అధ్యక్షుడు గెద్ద సింహాచలం. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మైకు ముందు నిలబడగానే ఆయన గొంతు దానంతటదే పెరిగింది.

"ముప్ఫై మూడేళ్ళు బస్సులో నిలబడ్డ మనిషిని నేను. వల్లభరావుగారు ఆ సినిమాలో కండక్టరుగా కనబడేది పద్దెనిమిది నిముషాలు. నేను లెక్కేసేను. బస్సు మలుపు తిరుగుతుంటే కమ్మీ పట్టుకోకుండా, నడుం సీటుకి ఆనించి, టిక్కెట్టు చింపుతారు చూడండీ! మా ఆవిడ హాల్లో నన్ను గిల్లింది. 'ఏమండీ, అది మీరే' అంది."

హాలంతా నవ్వింది. వల్లభరావు కూడా నవ్వాడు. కండక్టరు వేషం కోసం పదిరోజులు బస్సుల్లో తిరిగిన సంగతి ఆయనకి గుర్తొచ్చింది. ఎవరి నడుం చూసి ఆ నడుం పట్టుకున్నాడో మాత్రం గుర్తు రాలేదు.

తరవాత కాలేజీ లెక్చరరు సుభాషిణి లేచింది. ఆవిడకి సినిమాల గొడవ పట్టదు. స్టేజీ వల్లభరావే అసలు వల్లభరావు అని ఆవిడ వాదం.

"సినిమాలో కెమెరా దగ్గరకొచ్చి మరీ చూపెడుతుంది. అందులో ఏముంది గొప్ప? 'కోటబురుజు' నాటకంలో ఈయన ఓడిపోయిన రాజు. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. చివరి రంగంలో ఈయన జనానికి వీపు పెట్టి కోటలోంచి వెళ్ళిపోతాడు. నాకు కనిపించింది వీపొక్కటే. ఆ వీపు చూసి ఏడ్చాను."

"వీపు చూసి ఏడిస్తే మొహం చూసి ఏం కావాలమ్మా?" అన్నారెవరో వెనకనుంచి. "ఆ జడ్జి వేషం చూళ్ళేదా మీరు? తీర్పు చదివే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు. అంతే. ఒక్క మాట లేదు."

"అది డైరెక్టరు చెప్తే చేసింది."

"డైరెక్టరు చెప్తే అందరూ చెయ్యరేం మరి?"

వాదన పెరిగింది. స్టేజీ వాళ్ళు ఒకవైపు, సినిమా వాళ్ళు ఒకవైపు. మధ్యలో కూర్చున్న మనిషి వైపు ఎవరూ చూడటం లేదు. చూడనక్కర్లేదు కూడా. వాళ్ళకి కావలసిన వల్లభరావులు వాళ్ళ దగ్గరే ఉన్నారు.

అప్పుడు దిలీప్ అనే కుర్రాడు లేచి తెర మీద ఒక వీడియో వేశాడు. ఇంజనీరింగు చదివాడు, వీడియోలు కూర్చే పని ఇష్టంతో చేస్తాడు. వల్లభరావు వేసిన పాత్రల మొహాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రాజు, తాగుబోతు, జడ్జి, కండక్టరు, కోడళ్ళని వణికించే ముసలి అత్త, గుడ్డి గాయకుడు. వీడియో ఆపి అతను జనం వైపు తిరిగాడు.

"ఇందులో సార్ ఎక్కడున్నారో ఎవరైనా చూపించండి. చూపించలేరు. మిగతా నటులు ఏ వేషం వేసినా లోపల వాళ్ళే కనబడతారు. మన సార్‌కి సొంత మొహం లేదు. అదీ సార్ గొప్పతనం."

హాలు దద్దరిల్లింది. స్టేజీ వాళ్ళూ సినిమా వాళ్ళూ కలిసి చప్పట్లు కొట్టిన మాట ఆ ఉదయం అదొక్కటే.

వల్లభరావు చేతులు జోడించాడు. దండలోంచి ఒక పువ్వు రాలి ఒళ్ళో పడింది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

చివర్లో, వాళ్ళమ్మతో వచ్చి కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది.

"సార్, ఇవన్నీ మాకు తెలుసు. ఇంట్లో మీరెలా ఉంటారు? ఇంట్లో ఎలా మాట్లాడతారు?"

చిన్న ప్రశ్న. ఎవరైనా చెప్పగలిగిందే. వల్లభరావు మైకు అందుకున్నాడు.

"ఇంట్లోనా అమ్మా..."

గొంతు అడుగునుంచి, నెమ్మదిగా, బరువుగా వచ్చింది మాట. అది జడ్జి గొంతు. ఆయనే ఉలిక్కిపడి ఆగాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇంట్లో ఏముందండీ..." ఈసారి రాగం తీస్తూ వచ్చింది. కండక్టరుది. మూడోసారి నోరు తెరిస్తే ముసలి అత్త వణుకు వచ్చింది.

హాల్లో నవ్వులు, ఈలలు, చప్పట్లు. సింహాచలం కళ్ళు తుడుచుకుంటున్నాడు. "చూసేరా! అడిగిన దానికి ఎలా చెప్పేరో చూసేరా!"

అడిగిన ఆవిడ కూడా నవ్వుతోంది.

వల్లభరావు మైకు బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. తను నటించలేదని ఆ హాల్లో ఒక్కరికీ తెలీదు.

భోజనాలు కింద వేశారు. పులిహోర, గుమ్మడికాయ దప్పళం వాసన మెట్లదాకా వస్తోంది. తలనొప్పిగా ఉందని చెప్పి, సింహాచలం రెండు చేతులూ పట్టుకుని క్షమాపణ అడిగి, వల్లభరావు కారెక్కాడు. విశాఖపట్నం వైపు తిరగాల్సినవాడు రెండో వైపు తిరిగాడు. చీపురుపల్లి దారి. ఆ దారిలో ఆయన వచ్చి ఆరేళ్ళయింది.

చీపురుపల్లిలో నూకరత్నం గారుంది.

ఒకప్పుడు ఆ పేరు చెపితే పందిళ్ళు నిండేవి. సొంత నాటక సమాజం, ఆరు తెరలు, రెండు లారీలు, ఇరవై ఎనిమిది మంది. వేషగాళ్ళలో ఎవరికి జ్వరం వచ్చినా ఆ వేషం ఆవిడే వేసేది. ముక్కుపుడక కనబడకుండా మైనం అద్ది, మీసం అతికించి మొదటి అంకంలో మంత్రి, మైనం గోకేసి రెండో అంకంలో మంత్రి కూతురు. వల్లభరావు పద్నాలుగో ఏట ఇంట్లోంచి పారిపోయి ఆవిడ లారీ ఎక్కాడు. దిగేసరికి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. నడక నేర్పింది ఆవిడ. ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పింది ఆవిడ. పద్యం మధ్యలో జనం వైపు చూడకూడదని వీపు మీద చరిచి నేర్పింది.

సమాజం ఎప్పుడో పోయింది. ఇప్పుడామెకి ఎనభై ఆరు.

రైసు మిల్లు వెనక రెండు గదుల ఇల్లు. ముందు పెద్ద సిమెంటు గచ్చు, మూల ఒక నీళ్ళ తొట్టె. మిట్టమధ్యాహ్నపు ఎండ గచ్చు మీద తెల్లగా పరుచుకుని ఉంది. వసారా నీడలో నూకరత్నం గారు కాళ్ళు చాపుకుని కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఒక పక్క గోనె మీద చింతపండు, ఇంకో పక్క గింజల కుప్ప.

గేటు చప్పుడుకి తలెత్తింది.

"ఎవులది?"

"నేనమ్మా. వల్లభాన్ని."

"ఏ వల్లభం?"

వల్లభరావు గేటు దగ్గరే ఆగిపోయాడు. ఆ పూట అలాంటి ప్రశ్నలకి ఆయన దగ్గర జవాబుల్లేవు.

ఆవిడ నవ్వింది. "కళ్ళ ఆపరేషను చేయించుకున్నానురా. నాకు బాగానే కనబడతన్నాది. రా, కూకో. ఏటలా చిక్కిపోనావు?"

స్టేజీ మీద ఆవిడ ఒక్క అక్షరం తడబడితే వినాలని పండితులు ముందు వరసలో కూర్చునేవారు. ఎప్పుడూ వినలేకపోయారు. ఇంట్లో మాత్రం పుట్టిన ఊరి మాటే మాట్లాడేది. తెర దిగ్గానే మాట కూడా దిగిపోయేది. ఆ రోజుల్లో సమాజం వాళ్ళందరూ దానికి నవ్వుకునేవారు.

వల్లభరావు బూట్లు విప్పి వసారాలోకొచ్చి ఆవిడ పాదాలకి దండం పెట్టాడు. మెడలో దండ ఇంకా అలాగే ఉందని అప్పుడు చూసుకున్నాడు. తీసి పక్కన పెట్టాడు.

"పుట్టినరోజా?" అంది దండ చూసి.

"అరవై నిండాయమ్మా."

"చిన్నోడివే." ఆవిడ ఒక చింతపండు ముద్ద ఆయన ముందుకి తోసింది. "ఖాళీగా కూకోకు."

ఇద్దరూ గింజలు తీస్తూ కూర్చున్నారు. మిల్లు ఆగి ఉంది. దూరంగా ఎక్కడో ట్రాక్టరు వెళుతోంది.

"మానేద్దామనుకుంటున్నానమ్మా," అన్నాడు వల్లభరావు చివరికి.

"ఏటి?"

"వేషాలు. స్టేజీ, సినిమా, అన్నీ."

"మోకాళ్ళు నొప్పులా?"

"కాదు."

ఆయనే చెప్పుకుపోయాడు. పొద్దున హాల్లో జరిగింది చెప్పాడు. మూడుసార్లు నోరు తెరిస్తే మూడు గొంతులు వచ్చాయని చెప్పాడు. చెపుతూ చెపుతూ అసలు సంగతి దగ్గరకొచ్చాడు. అది పొద్దుటిది కాదు. పదకొండు రోజుల నాటిది.

ఆయనకి ఒక్కతే కూతురు. సింధూర. బెంగళూరులో ఉంటుంది. తల్లి పోయి తొమ్మిదేళ్ళయింది. పెళ్ళి చేసుకున్న నాలుగేళ్ళకి భర్తతో పొసగక, ఈమధ్యే వేరే ఇల్లు చూసుకుంది. ఆ ఇంట్లో దిగిన రోజు తండ్రికి ఫోన్ చేసి ఏడ్చింది.

"ధైర్యం చెప్పానమ్మా. మంచి మాటలే చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఏడుపు ఆపేసింది. నేను ఊరుకోబెట్టాననుకున్నాను. అప్పుడంది, 'నాన్నా, ఇది ఆ జడ్జి గొంతు కదా. అక్కడక్కడ ఆగడం కూడా అదే. నాతో మీరు మాట్లాడండి నాన్నా' అని. నేను నోరు తెరిచాను. ఏ గొంతుతో మాట్లాడాలో తెలీలేదు. అది కాసేపు చూసి ఫోన్ పెట్టేసింది."

ఆయన చేతిలో గింజ జారి గచ్చు మీద దొర్లింది.

"ఆ రోజునుంచీ నాకు నిద్ర లేదు. అద్దం ముందు నిలబడి నా పేరు నేను పిలుచుకుంటున్నాను. ఏ గొంతుతో పిలిచినా ఎవరో ఒకరిది. నవ్వితే ఎవరిదో నవ్వు. నలభై ఆరేళ్ళు అందరి ఒంట్లోకీ దూరి తిరిగొచ్చేసరికి, ఇక్కడ నేను లేనమ్మా. నన్ను నేను ఎక్కడో పారేసుకున్నాను. ఇదేం బతుకు?"

చివరి మాట బాగా పలికింది. సరైన చోట ఊపిరి పట్టి, సరైన చోట విరిచి పలికింది. అది ఆయనకీ వినబడింది. సిగ్గుతో తల దించుకున్నాడు.

నూకరత్నం గారు చేతిలో ఉన్న ముద్ద పూర్తిచేసి, చేతులు దులుపుకుంది.

"గుంట ఎలగున్నాది?" అంది.

"ఎవరు?"

"నీ కూతురు. ఇప్పుడెలగున్నాది?"

వల్లభరావు నోరు విప్పాడు. ఈసారి ఎవరి గొంతూ రాలేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "మళ్ళీ చెయ్యలేదు. ఏ గొంతు వస్తుందోనని భయం."

ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. గింజల కుప్పని రెండు చేతులతో దగ్గరకి తీసి చేటలో పోసింది. ఆ పని నింపాదిగా, ఇంకేమీ లేనట్టు చేసింది.

తరవాత అడిగింది. "ఎన్ని వేషాలు కట్టేవురా, మొత్తమ్మీద?"

"నాటకాలూ సినిమాలూ కలిపి రెండొందల పన్నెండు." ఆ అంకె పొద్దున దిలీప్ చెప్పింది.

"ఒకదానికొకటి పోలికలుంటాయేటి?"

"లేవమ్మా." అంత నీరసంలోనూ ఆయన నడుం కాస్త నిటారైంది. "అది మాత్రం లేదు. స్టేజీ వాళ్ళయినా సినిమా వాళ్ళయినా ఆ ఒక్కటీ ఒప్పుకుంటారు. ఈ వల్లభరావుకీ ఆ వల్లభరావుకీ పోలిక ఉండదని."

"సరే. నాకు సినిమా హాలుకెళ్ళే ఓపిక లేదు. ఓపాలి చూపించు."

"ఇప్పుడా?"

"కాళ్ళు కడుక్కునిరా. ఊరంతా తిరిగొచ్చిన కాళ్ళు." తొట్టె వైపు చూపించింది. "ఈ కొసనుంచి ఆ కొసకి నడు. నడకలే చాలు. డైలాగులొద్దు."

వల్లభరావుకి ఒళ్ళు బరువుగా ఉంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కాని పద్నాలుగో ఏటనుంచీ ఆవిడ నడవమంటే నడవడమే తప్ప వేరే తెలీదు. తొట్టె దగ్గరకెళ్ళి, ప్యాంటు మడిచి, చెంబుతో కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. ఎండలో గచ్చు చురుక్కుమంది.

"ఎవరు కావాలి?"

"రాజు."

'కోటబురుజు' రాజు. ఓడిపోయినవాడు. వల్లభరావు కళ్ళు మూసి తెరిచాడు. భుజాలు వెనక్కి పోయాయి. రాజ్యం పోయినా మెడ వంచని మనిషి, ఆ మెడ నిలబెట్టుకోవడానికే ఉన్న బలమంతా ఖర్చవుతున్నట్టు, గచ్చు కొసదాకా నడిచాడు. నడుస్తుంటే అలసట ఎక్కడికి పోయిందో తెలీలేదు. కొసన ఆగి తిరిగి చూశాడు. నూకరత్నం గారు చేటలో గింజలు చెరుగుతోంది.

"తరవాత?"

"అదే, బస్సులో వోడు."

మళ్ళీ కాళ్ళు తడుపుకున్నాడు. కండక్టరు. అడుగులు ఎడంగా పడ్డాయి. కుదుపుకి సిద్ధంగా మోకాళ్ళు వంగి ఉన్నాయి. లేని జనాన్ని తోసుకుంటూ, లేని సీట్లకి నడుం ఆనిస్తూ నడిచాడు. రాజు నడిచిన దారి పక్కనే ఇంకో వరస తడి అడుగులు పడ్డాయి.

"ముసల్ది."

ముసలి అత్త. నడుం ముందుకి వంగింది. ఒక చెయ్యి మోకాలి మీద. నెప్పి ఉన్నా కోడలికి కనబడనివ్వని మొండితనం అడుగడుగునా ఈడ్చుకుంటూ వచ్చింది. ఈసారి నూకరత్నం గారు చెరగడం ఆపి చూసింది. పెదవి చివర చిన్న నవ్వు. ఆ నవ్వు కోసం ఒకప్పుడు వల్లభరావు తిండి మానుకుని సాధన చేసేవాడు.

"తాగుబోతోడు."

అదీ అయింది. గచ్చు మీద నాలుగు వరసల అడుగులు. ఒకటి తిన్నగా, ఒకటి ఎడంగా, ఒకటి దగ్గర దగ్గరగా ఈడ్చుకుంటూ, ఒకటి పాములా మెలికలు తిరుగుతూ. వల్లభరావుకి చెమట పట్టింది. రొప్పుతున్నాడు. కాని మొహంలో వెలుగొచ్చింది. హాల్లో వాళ్ళు తప్పు చెప్పలేదు. నలుగురు మనుషులు నడిచి వెళ్ళిన గచ్చు అది.

"చూశారా అమ్మా? ఎవరైనా ఒక్కడే నడిచాడంటారా?"

ఆవిడ చేట పక్కన పెట్టింది. వసారా స్తంభం పట్టుకుని మెల్లగా లేచింది. లేవడానికే చాలాసేపు పట్టింది. గచ్చు అంచుదాకా వచ్చి ఆగింది.

"రాజుకి ఎడం కాలికి ఎన్ని వేళ్ళున్నాయి?"

"ఏంటమ్మా?"

"వంగి చూడు. ఎండకి ఆరిపోతాయి, బేగి చూడు."

వల్లభరావు వంగాడు. రాజు అడుగు సగం ఆరిపోయింది. ముందు భాగం మాత్రం ఇంకా నల్లగా ఉంది. లెక్కపెట్టాడు.

"నాలుగు."

"బస్సు వోడికి?"

పక్క వరసకి జరిగాడు. మడమ ఎడంగా, వేళ్ళు బయటికి తిరిగి ఉన్నాయి. అయినా లెక్క అదే.

"నాలుగే."

"ముసల్దానికి?"

ఆయన మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఈడ్చిన అడుగు, నీళ్ళు చారలు కట్టి ఉంది. చారల చివర బొటనవేలు, పక్కన మూడు. చిటికెనవేలు ఉండవలసిన చోట పొడి సిమెంటు.

పదిహేనో ఏట పార్వతీపురంలో పందిరి వేస్తుంటే ఇనప మేకు జారి ఆ కాలి మీద పడింది. నూకరత్నం గారు పసుపు అద్ది, తన చీర కొంగు చింపి కట్టు కట్టింది. ఆ సాయంత్రమే అతను బల్లెం పట్టుకుని కోటగుమ్మం ముందు రెండు గంటలు కదలకుండా నిలబడ్డాడు. గాయం మానింది గాని వేలు పైకి లేచిపోయి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి అది నేలకి ఆనదు. చెప్పుల్లో దూరేది, బూట్లలో దూరేది, రాజు జోళ్ళలో దూరేది. ఎవరూ చూడలేదు. ఆయన కూడా ఎప్పుడో చూడటం మానేశాడు.

తాగుబోతు అడుగులు ఇంకా తడిగా ఉన్నాయి. ఆ వరసలో చివరి అడుగు పక్కన అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. గచ్చు వేడిగా ఉంది. రాజు అప్పటికే పూర్తిగా పోయాడు. కండక్టరు మడమలు రెండు మిగిలాయి. చూస్తుండగా అవీ పోయాయి.

వల్లభరావుకి మొదట అవమానంగా అనిపించింది. నలభై ఆరేళ్ళ పనితనం ఒక వేలు దగ్గర పట్టుబడిపోయినట్టు. ఆ మంట కాసేపు ఉంది. తరవాత అది కూడా ఆరిపోయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎలా వచ్చాయో ఆయన గమనించలేదు. అలా గమనించకుండా ఏడ్చి ఎన్నాళ్ళయిందో.

నూకరత్నం గారు ఆయన వైపు చూడలేదు. ఎండలోకి చెయ్యి చాపి, చింతపండు ఎండబెట్టడానికి వేళయిందా లేదా అని చూసుకుంటున్నట్టు నిలబడింది.

"లే," అంది. "అన్నం వండేసి ఉన్నాది. పప్పుచారూ వంకాయ కూరా. మోకాళ్ళు కాలిపోతాయి, లే. కాళ్ళు మళ్ళీ కడుక్కుని లోపలికి రా."

గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కంచం తీసిన చప్పుడు, బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు వినబడ్డాయి.

వల్లభరావు తొట్టె దగ్గరకెళ్ళి కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. ఇటు చివర తను, అటు చివర గుమ్మం. మధ్యలో గచ్చు ఒక్క మరక లేకుండా ఎండలో మెరుస్తోంది. ఒక అడుగు ముందుకి పెట్టబోయి ఆగాడు. భుజాలు ఎలా ఉంచాలో తెలీలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కొత్తగా లారీ ఎక్కిన రోజున కూడా ఇంత ఇబ్బంది పడలేదు.

"అమ్మా," అని పిలిచాడు. "ఈసారి ఎవరిలా నడవమంటారు?"

లోపలినుంచి నూకరత్నం గారి గొంతు వచ్చింది.

"నన్నడుగుతావేటిరా? నాను చూడ్డం లేదు కదా."